నూటముప్పై రెండు

వంద మీటర్ల ఎడంలో రెండు మేకులు పాతి
నన్ను నడవమన్నాడు కెంజెబెక్.
ఎలా నడవను? అన్నాను.
రొట్టె కొనడానికి పోతున్నట్టు, అన్నాడు.

మొదటిసారి నూటపాతిక.
అంగలు సాగదీశానని నాకే తెలుస్తోంది,
మగవాళ్లు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు మరి.
రెండోసారి నూటముప్పై ఎనిమిది, సిగ్గుతో.
పదోసారికి అందరూ చూడటం మానేశారు.
నూటముప్పై రెండు.
పదకొండోసారీ అంతే.
ఇక ఇదే నీ పేరు, పుస్తకం మొదటి పేజీలో రాసుకో, అన్నాడు.

తన సంఖ్య నూటయాభై ఏడు.
గుర్రం కింద పడి ఎడమకాలు నలిగిన ఏడు నుంచీ
అది ఒక్కటంటే ఒక్కటి మారలేదు.
కుడికాలు ముందుకు పడుతుంది,
ఎడమది ఈడ్చుకుంటూ వచ్చి అందుకుంటుంది.
కుంటివాడి చేత నేల కొలిపిస్తారా అని నవ్వేవాళ్లకు
అతని జవాబు ఒకటే:
మీ కాలికి హుషారొస్తుంది, అలుపొస్తుంది,
పెళ్లి డప్పు వినిపిస్తే చిందు కూడా వస్తుంది.
దీనికి నడక తప్ప ఏమీ రాదు.

మా లోయలో సామూహిక క్షేత్రాన్ని పంచుకున్న ఏడాది అది.
ట్రాక్టర్లు ఎటో పోయాయి, గొర్రెలు రాత్రికి రాత్రే పోయాయి.
ఆఫీసు స్టీలు టేపు మీద
ఎవరింటి వెనకో తడి దుప్పట్లు ఆరుతున్నాయట.
మిగిలింది నేల,
మా నాలుగు కాళ్లు.

ఎడమ జేబు నిండా ఆప్రికాట్ గింజలు.
వంద అడుగులకొకటి కుడి జేబులోకి.
దారిలో ఎవరు పలకరించినా పలకకూడదు.
బురుల్చాకి పొగరని మూడు ఊళ్లలో పేరొచ్చింది.
ఒకనాడు ఒక ముసలమ్మ
టీ తాగి పోవే తల్లీ, అని చెయ్యి పట్టేసుకుంది.
నాలుగు వందల అరవై...
అరవై ఎంత?
లెక్క నేలపాలైంది.
రెండు గిన్నెల టీ తాగి
మళ్లీ మొదటి మేకు దగ్గరికి.

ఎగువకు ఎక్కుతుంటే అడుగు కురచవుతుంది.
దున్నిన చేలో మడమ దిగబడుతుంది.
తెల్లారి గడ్డి మీద మంచుంటే
పాదం తనది తాను కాకుండా పోతుంది.
ఏ నేలైనా కొలిచేవాడి దగ్గర
ఎంతో కొంత నొక్కేస్తుంది.

సెప్టెంబరులో, ఎసెన్‌కుల్ అన్నదమ్ముల బార్లీ చేను.
వేసవి అంతా వాళ్లకి మాటల్లేవు,
నా వంకే చూస్తూ ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పారు.
నాకప్పుడు ఏడో నెల.
ఒళ్లు బరువైన ఆడమనిషి అడుగులకి
నా వాటా తెగుతుందా? అన్నాడు పెద్దవాడు.
కెంజెబెక్ మాట్లాడలేదు, గోధుమ పరక నములుతూ
మేకుల వైపు గడ్డం ఆడించాడు.

ముందు మేకుల మధ్య నడిచాను.
నూటనలభై ఆరు.
తర్వాత చేను పొడవునా.
లోపలున్నది తన లెక్క తాను తన్నుకుంటోంది,
నా లెక్క నేను పెదాల మీద పట్టుకున్నాను.
అయిదు వందల అయిదు.
మూడు వందల నలభై ఆరు మీటర్లు, అని రాశాను.
పాత పేరుతో భాగించి ఉంటే
ముప్పై ఆరు మీటర్ల లేని నేల
కాగితం మీద మొలిచేది,
దాని కోసం వాళ్లు పారలు తీసేవాళ్లు.

వసంతంలో పట్నం నుంచి కొత్త టేపుతో వచ్చారు.
మూడు వందల నలభై ఏడు.
తేడా, ఒక గొర్రె అడ్డంగా నిలబడేంత.
ఆ గొర్రె నాది, అన్నాడు పెద్దవాడు.
చిన్నవాడికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

బిడ్డ పుట్టిన నలభయ్యో రోజు దాటాక
దాన్ని కెంజెబెక్ చేతిలో పెట్టి మళ్లీ నడిచాను.
నూటముప్పై నాలుగు.
ఇంకోసారి నడిచాను. అదే.
నూటముప్పై రెండు ఇక రాదు.
మొదటి పేజీ తెరిచి, పాత సంఖ్య మీద గీత పెట్టబోతుంటే
అతను కుంటుతూ దగ్గరికొచ్చాడు,
పిల్లది అతని మీసం గుప్పిట పట్టి ఉంది.
కొట్టెయ్యకు, అన్నాడు.
పక్కన తేదీ వెయ్యి.