పద్నాలుగో క్లాజు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే
గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట.
మా పెద్దమ్మ మాట ఇది.
సూదులపెట్టెలో పడి నాతోపాటే అయోవా దాకా వచ్చింది.
అందుకే ఆ మెట్లెక్కడానికి
నాకు మూడు వారాలు పట్టింది.

కింద విత్తనాల కొట్టు, పైన ఆఫీసు.
తలుపు గాజు మీద బంగారు రంగు అక్షరాలు సగం రాలిపోయాయి,
డెల్మర్ ఓస్ట్‌బీ అన్న పేరుని
మిగిలిన సగంతోనే ఊరు చదువుకుంటోంది.
వీలునామాలు, విడాకులు, పొలం గట్లు,
తాగి తోలిన ట్రాక్టర్లు, దత్తతలు,
ఒకసారి ఒక గాడిద ఎవరి దగ్గర పెరగాలన్న తగువు కూడా.
గుమాస్తా లొరేన్ చెప్పింది, నవ్వకుండా.

నా చేతిలో పదకొండు పేజీల లీజు.
మూతపడ్డ బేకరీలో రెండు కుట్టు మిషన్లు వేసుకోవాలి.
ప్యాంట్ల అంచులు, పెళ్లి గౌన్ల నడుములు,
చర్చిలో పాడేవాళ్ల అంగీలు.
సిటీ లాయరొకడు
ఫోనెత్తి హలో అన్నప్పటి నుంచే మీటరు తిప్పాడు.
ఈయన ముందు కాఫీ పోశాడు,
తర్వాత పెన్సిలు చెక్కుకున్నాడు
చాకుతో, తీరిగ్గా.
గాడిద సంగతి అడిగితే అదీ చెప్పాడు, మొదట్నుంచీ.

ఆ పైన చదివాడు. పైకి. ప్రతి మాటా.
బట్ట కొనేవాళ్లు వెలుతురుకి పట్టి చూస్తారే,
అలా ఒక్కో కాగితాన్నీ కిటికీ వైపు ఎత్తి.
పద్నాలుగో క్లాజు:
పైకప్పు మరమ్మతులు అద్దెకున్నవారివే.
పెన్సిలు ఆగింది.
"ఈశాన్యం మూల కారుతుంది" అన్నాడు.
ఈశాన్యంలో నీళ్లు మంచివేనని
మావాళ్ల వాస్తు నాకు గుర్తొచ్చింది.
ఆయనకి బకెట్టు గుర్తొచ్చింది.
"తొంభై మూడు వానల్లో అక్కడే పట్టుకు నిల్చున్నా,
మా అమ్మాయి పుట్టినరోజు కేకు తడవకుండా."

అప్పుడు చూశాను గోడ మీద ఫొటో.
బౌలింగు జట్టు, నలుగురు, ఒకే రంగు చొక్కాలు.
ఎడమ నుంచి రెండోవాడు నా ఇంటి ఓనరు.

నేనేం అడగలేదు. చూపు ఆగిందంతే.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
"వెర్న్. ప్రతి గురువారం ఆడతాం.
వాడి వీలునామా రాసింది నేనే.
కాఫీ కంటే ముందు చెప్పాల్సింది ఇది."
లీజు మడిచి నా వైపు జరిపాడు.
నేను ఆయన్ని పెట్టుకోవాలంటే
ఇద్దరం ఒప్పుకుని సంతకాలు చెయ్యాలట.
లేదంటే నలభై మైళ్ల అవతల ఒకావిడ ఉంది.
"నాకంటే గట్టిది. నన్ను రెండుసార్లు ఓడించింది."
నంబరు చీటీ మీద రాసి,
ఏడు ఒకటిలా ఉందని మళ్లీ దిద్ది ఇచ్చాడు.

బయల్దేరాను కూడా.
రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న మోళ్లు.
ఇరవయ్యో మైలు దగ్గర పెట్రోలు పోయించుకుంటూ
చీటీలో దిద్దిన ఏడుని చాలాసేపు చూశాను.
చిరుగు ఎక్కడుందో తనే వేలుపెట్టి చూపినవాడి దగ్గర
బట్ట కొనమని పెద్దమ్మ ఎప్పుడూ చెప్పలేదు.
ఆవిడకి అలాంటివాడు తగిలి ఉండడు.
బండి తిప్పాను.

వెర్న్ సంతకం పెట్టాడు, గొణుక్కుంటూ,
"నా లాయర్నే నా మీదికి తోలతావా" అని.
పద్నాలుగు మీద ముందు పెన్సిలు గీత,
వారానికి సిరా గీత.
బిల్లొచ్చింది: నలభై నిమిషాలు.
మొదటిరోజే రెండు గంటలు కూర్చున్నానే అంటే
"మిగతాది గాడిద కథ.
దానికి డబ్బు తీసుకోను" అన్నాడు.

మే నెలలో మొదటి గాలివాన.
సరిగ్గా ఆ మూలే, చుక్క చుక్క,
ఎవరిదో తెల్ల గౌను పక్కకి లాగేలోపే.
ఫోన్ చేశాను.
వెర్న్ నిచ్చెనెక్కి తారు పూస్తున్నాడు, తిడుతూ,
నన్ను కాదు, వానని.
ఎదురు పేవ్‌మెంటు మీద గొడుగు లేకుండా
మెడ పైకెత్తి నిల్చున్నాడు ఓస్ట్‌బీ.

కోటుకి మూడో గుండీ లేదు.
ఎన్నాళ్లనుంచి లేదో.
రేపు కబురు పెట్టాలి.