లోపల వదిలిన గుడ్డ

జూన్ నెలంతా నా పని విప్పడమే.
రామమూర్తినగర్లో, మందుల షాపు పక్క సందులోకి
నిరుటి యూనిఫాములు సంచుల్లో వస్తాయి.
సెలవుల్లో పిల్లలు తిన్న మామిడిపళ్ళన్నీ
చంకల దగ్గర బిగుతై కనబడతాయి.
కుట్టేటప్పుడే లోపల అంగుళం గుడ్డ వదిలి ఉంటే
ఆ చొక్కా బతికిపోతుంది.
వదలకపోతే ఎంత లాగినా పిగలడమే.

కోట దగ్గర సర్కారు పళ్ళాసుపత్రిలో
ఇంకా చదువుకుంటున్న డాక్టరమ్మ
నల్ల ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టింది.
మా లోహిత పాలపళ్ళ పైన, చిగుళ్ళ చీకట్లో
ఇంకో వరస పళ్ళు,
సాయంత్రం మార్కెట్ బస్సులో జనంలా
ఒకదాని భుజం మీద ఒకటి,
దిగే చోటు లేక.
"పళ్ళు పెద్దవి కావు, దవడ ఇరుకు.
అంగిలి నడిమధ్య ఒక కుట్టు ఉంటుంది.
ఎనిమిదేళ్ళకి ఇంకా విప్పుకుంటుంది.
పెద్దయ్యాక బిగుసుకుంటుంది, అప్పుడు కొయ్యాలి."

హొలిగె అంది, కన్నడంలో.
ఆ మాట నాకెవరూ విడమరచనక్కర్లేదు.
ఇరవై ఏళ్ళుగా కుట్ల మీద వంగి కూచున్నదాన్ని,
నా నోట్లోనే ఒకటుందని తెలీదు.
బస్సులో వస్తూ నాలికతో వెతికాను.
రాయి. ఎప్పుడో బిగిసిపోయింది.
పెళ్ళి ఫోటోలో నేను నోరు మూసుకునే ఉంటాను.
సిగ్గరి పిల్ల అని మా అత్త అందరికీ చెప్పుకుంది.

రెండు పక్కల దవడపళ్ళకి తొడిగిన ఇనప రెక్కలు,
నడుమ ఒక మర.
సూదంత సన్నం తాళంచెవి పెట్టి
రోజూ రాత్రి, ముందునుంచి గొంతువైపు,
పావు తిప్పు. అంతే.
కాజాలు నిద్రలో కూడా కుట్టే చెయ్యి ఇది.
ఆ మొదటి రాత్రి,
ముక్కల మూట మీద పాపని పడుకోబెట్టి
సెల్లు లైటు పళ్ళ మీదికి పట్టుకుంటే
చిల్లికి మూడుసార్లు తప్పింది.
"అమ్మా, ముక్కు వెనక ఎవరో నెడుతున్నారు."

వారంలోనే గొడవ.
కొత్త టీచరు పేరడిగితే
'త' దగ్గర నాలికకి ఇనుము అడ్డమొచ్చింది.
లోహిష అని వినబడింది.
బడంతా లోహిష.
ఇంటికొచ్చి కంచం నెట్టేసింది, మర పీకెయ్యమని.
"రాలిపోయే పళ్ళకి ఇంత హింసా?" అన్నాడు మా ఆయన.
నాకూ జవాబు దొరకలేదు.
రెండు రాత్రులు తాళంచెవి
బాబిన్ల డబ్బాలోనే ఉండిపోయింది.

మూడో రాత్రి నేను పెళ్ళి బ్లౌజుల మధ్య మునిగి ఉన్నాను.
ట్యాంకరు షెడ్డులో పెట్టి వచ్చి,
డీజిలు వాసన పోయేదాకా చేతులు కడుక్కుని,
తనే తిప్పాడట.
నాతో అనలేదు.
పొద్దున కాలెండరులో గీత కనబడింది,
నేను గీసే గీతలకంటే పొడుగ్గా.

తర్వాతెప్పుడో,
గీతలు లెక్కపెట్టడం మానేశాక,
ముందుపళ్ళ నడుమ సందు తెరుచుకుంది.
బియ్యపుగింజంత.
చూసి నాకు గుండె జారింది. పాపకి మాత్రం పండగ.
ఈల వేస్తుంది. నీళ్ళు చిమ్ముతుంది.
నిన్న నల్లదారం ఆ సందులో దూర్చి
రెండు కొసలూ పట్టుకుని షాపు వాకిట్లో నిలబడి
"నేనే సూది!" అంది,
బ్లౌజు కొలతకొచ్చిన ఇద్దరి ముందు.
ఇద్దరిలో ఒకామె చేత్తో నోరు కప్పుకుని నవ్వింది.
ఆ చెయ్యి నాకు తెలుసు.

దారం పళ్ళతో తెంపకూడదని డాక్టరమ్మ చెప్పింది.
పాపకి అదే చెబుతూ
నేను పటుక్కున తెంపాను.
ఇంకో మాట కూడా చెప్పింది:
కొత్త ఎముక నిండేదాకా మర అట్లాగే ఉండాలి,
సందు మాత్రం దానంతటదే మూసుకుంటుందని.
ఆ సంగతి
మా సూదికి ఇంకా చెప్పలేదు.