రెండంగుళాల రీలు

క్యాసెట్టు మీద పేరు లేదు.
హిల్ కాలనీ ఇంజనీరు సారు బదిలీ అయి పోతూ
రిపేరుకిచ్చిన టేప్‌రికార్డర్ మర్చిపోయిండు.
దాని కడుపుల ఉండె అది.
దేవరకొండ బస్టాండు ఎన్క, కాశిం డబ్బాల
ఒక మిట్టమధ్యాన్నం మూత తీస్తే దొరికింది.

నీలి సిరా చెమటకు అలికిపోయింది.
ఊదింది ఎవలో, కొట్టింది ఎవలో,
ఏ దేశమో, బతికున్నరో లేదో.
పేరు లేకుంటే మనిషిని ఎట్ల యాది చేస్తం?
మేమే పెట్టినం.
అడుగున లావు తీగ మీద నిమ్మళంగ నడిచేటాయన
పొద్దుగూకి ఇంటికొచ్చే బర్రె లెక్క ఉన్నడని
బర్రెల సాయన్న.
కరెంటు పెట్టె వాయించేటాయన వానకాలం సారు,
రేకుల మీద తొలి చినుకులు రాలినట్టు ఆయన వేళ్లు.
శాక్సాఫోన్ ఆయనకు మాత్రం
యిర్మియన్న ఏ పేరూ పెట్టనియ్యలే.
"ఆయన ఊదినంక పేరు పెడితే పాపం తగుల్తది" అన్నడు.

ఐసు ఫ్యాక్టరీ గోడ పొంటి రాత్రుళ్లు నేర్సుకున్నరు.
కంప్రెసర్ రొదనే వాళ్లకు శృతి.
జహంగీరు కీబోర్డుల మూడు మెట్లు పలకవు,
ఆడికొచ్చినప్పుడల్లా నోటితోని అనేటోడు.
లింగస్వామి వేళ్ల మీద లెక్కవెట్టి బీరిపోయిండు:
"ఏడుకాడ తిరుగుతుందిరా ఇది, ఎనిమిదికి పోదు!"
మారయ్య తాత బీడి పక్కకు వెట్టి
సిర్ర అందుకున్నడు.
జనక జజ్జనక. జనక జజ్జనక.
"ముత్యాలమ్మ ముంగట మా నాయిన కొట్టిన దెబ్బ గిదే.
గా దేశమోళ్లకు ఎవడు చెప్పిండు?"

ఎన్నోసారో యాదికి లేదు, టేపు రీలును మింగింది.
కాశిం పెన్సిలుతోని తిప్పి తిప్పి గుంజిండు.
నలిగిన కాడ రెండంగుళాలు కోసి
చెల్లె గోర్లరంగు సుక్కతోని అతికిచ్చిండు.
గప్పటిసంది ఆడికొచ్చేసరికి పాట ఎగిరి దుంకేది.
ఏడు దెబ్బలల్ల మూడు మాయం.
మా వోళ్లు ఆ దుంకుడు గూడ నేర్సుకున్నరు,
నలుగురూ ఒక్కపారే,
మోరీ దాటినట్టు.

చింతపల్లి బరాత్‌ల
జనరేటరు సచ్చింది.
నేను లైటు మోసేటోన్ని, పద్నాలుగేండ్లు.
నెత్తి మీది ట్యూబు ఆరిపోయి
ఒట్టి గాజుకట్టె మోస్తున్న.
కీబోర్డు మూగవోయింది. పిల్లగాని గుర్రం బెదిరింది.
అప్పుడు చీకట్ల
యిర్మియన్న ఆ పాట ఎత్తుకున్నడు.
ఎవలూ అడగలే.
మారయ్య తాత డప్పు కింది నుంచి లేసొచ్చింది.
ఎగిరేటోళ్లకు అడుగు దొరకక
ఒకని మీద ఒకడు పడుతున్నరు, నవ్వుతున్నరు, తిడుతున్నరు.
బగోనెలు తోముతున్న ఒక్కామె
బూడిద చేతులతోనే లేసి
తప్పకుండ ఏడూ తొక్కింది.
దుంకుడు కాడ దుంకింది.
ఆమెకు ఎట్ల తెలుసో నాకు ఇప్పటికీ తెల్వది.

పెండ్లిపిల్లగాని మేనమామ
ఐదువందలు కోసుకొని లెక్క ఇచ్చిండు.
"మనిషి ఎగిరే పాట కొట్టాలె గని
గా లంగడి పాట ఏంది?"

మారయ్య తాత పోయి తొమ్మిదేండ్లు.
జహంగీరు ఆటో నడుపుతున్నడు.
మొన్న నల్గొండ బస్సుల
పక్క సీటు పోరడు ఫోన్ల పెట్టిండు అదే పాట.
అద్దం మీద నాలుగు పేర్లు ఉన్నయి.
కూడవలుక్కొని చదివిన.
ఒక్కటి గూడ బర్రెల సాయన్న కాదు.
అతుకు కాడికి రాంగనే నా కాలు దుంకింది,
పాట దుంకలే.

పట్టుకపోయి యిర్మియన్నకు ఇనిపించిన.
పండ్లు రాలినయి, దవడ కూలింది,
ఊదక ఎన్నేండ్లయిందో.
మంచం పట్టె మీద వేలు మాత్రం ఆడుతుంది.
ఆడికి రాంగనే చెయ్యి లేపిండు:
"గీడ తప్పిండ్రు."

జరసేపాగి
మల్లొక్కపారి పెట్టుమన్నడు.