కారణం గడి

సియవొంగా రేవులో మొదటి వారం
మమ్మల్ని చేపల్ని ముట్టనివ్వలేదు.
బకెట్లు కడగడం, వల చిల్లులు వేళ్ళతో వెతకడం,
లైఫ్ జాకెట్ కళ్ళు మూసుకుని బిగించడం, అంతే.

రెండో వారం పడవెక్కించింది బీనా మైంబో.
కరీబా సరస్సుని ఇంకా చలి వదల్లేదు.
గుండ్రటి వలగూట్లో నలభై వేల తిలాపియాలట,
పైకి మాత్రం ఉత్త నీళ్ళు.

"మేత చల్లడం ఎవరికైనా వచ్చు, చూల్వే.
ఆపడం నేర్చుకో."

గుప్పెడు విసిరాను. నీళ్ళు సలసలా కాగాయి.
ఇంకో గుప్పెడు. ఇంకోటి.
మా ఇంట్లో ఏడుగురం.
గరిటె గిన్నె అడుగుని గీకిందంటే
ఇక ఆపాలని, అదొక్కటే నాకు తెలిసిన లెక్క.
ఇక్కడలా కాదు.
గింజ ఒకటి తేలి, ఎవరూ రాక,
కాసేపు చూసి చూసి మునిగితే
అప్పుడట కడుపు నిండినట్టు.

తెల్లారి చచ్చినవాటిని చేతివలతో తోడాం.
పదకొండు.
కాగితంలో ఒక గడి, సంఖ్య. పక్క గడి, కారణం.
హమూంగా 'చలి' అని రాసేశాడు.
వాడి పక్కవాడు 'నీటికాకి'.
నేను ఒక్కోదాని మొప్ప ఎత్తి చూశాను,
ఎరుపే, అన్నీ ఎరుపే.
'తెలియదు' అని రాసి
కాగితం మడిచి ఇచ్చాను, తిట్లకి సిద్ధపడి.

ఆవిడ మడత విప్పింది. చదివింది.
జేబులోంచి చిన్న కత్తెర తీసి
నా చేతిలో పెట్టింది.
"రెండోదాన్ని కొయ్యి. పొట్ట వైపు నుంచి."

సాయంత్రం బస్సులో పక్కావిడ
చిటెంగే అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
నేను వేళ్ళు ముడుచుకోలేదు.