రాత్రి కాపలా అప్పగింత

యమందూ,
తాళాల గుత్తిలో పచ్చదారం కట్టింది మూడో గిడ్డంగిది.
హీటరు ఎడమ కడ్డీ వెలగదు, దాన్ని తన్నకు.
ఇక మిగిలింది ఈ రేడియో.
పైసాందూలో జూన్ రాత్రులు పొడుగు,
నది మీంచి వచ్చే చలి నేరుగా మోకాళ్లనే పలకరిస్తుంది.
పాటలు పెట్టావా, రెండింటికల్లా గురకపెడతావు.
మనుషుల్ని పెట్టుకో.

అట్టపెట్టెలో క్యాసెట్లున్నాయి,
ప్రసారమైనప్పుడు నేనే పట్టినవి.
పేపర్లో ఏనాడూ పేరు పడని వాళ్ల బతుకులు,
ఒక్కొక్కటీ నలభై, యాభై నిమిషాలు.

ముందు గొడుగులావిడను విను.
మోంతెవిదేయోలో మెట్ల కింద కొట్టు, పేరు ఎర్మెలిందా.
విరిగిన ఊచలు సరిచేస్తూ
ఏ గొడుగు ఎలా విరిగిందో చెప్పేస్తుంది,
గాలికి విరిగింది వేరట, గోడకేసి కొడితే విరిగింది వేరట.
ఎనిమిదో నిమిషంలో
'మా ఆయన గొడుగు మాత్రం' అని ఆగిపోతుంది.
తర్వాత వాన.
రేకు మీద వాన, చాలాసేపు.
టేపు పాడైందనుకుని మొదటిసారి నేను ముందుకు తిప్పాను.
నువ్వు తిప్పకు.

దురాస్నో టెలిఫోన్ ఆఫీసు ఆవిడది ఇంకొకటి.
నోట్లో నువ్వుగింజ నానని ఊళ్లో
ముప్పైనాలుగేళ్లు అందరి మాటలూ చెవిన వేసుకుని
ఒక్కటీ పెదవి దాటనివ్వని మనిషి.
చెప్పమని రేడియో పిల్ల జుల్మా బతిమాలుతుంది,
కేకు చల్లారిపోతోంది తిను, అంటుంది ఈవిడ.
చివరికి ఒకే ఒక్క రహస్యం విప్పుతుంది,
అదీ తనదే.
ఏమిటో చెప్పను.
తెల్లవారుజామున నాలుగింటికి, లారీలు రాకముందు విను.

నీలం గీత ఉన్న క్యాసెట్ వరద మీద.
దాన్ని ముట్టుకోకు.
మంచి మనిషి, నిజమైన ఏడుపు,
దాని మీద గిన్నెడు వయొలిన్ ఒంపారు,
పుండుకి తేనె రాసి ఈగల్ని పిలిచినట్టు.

గొర్రెల బొచ్చు కత్తిరించే అన్నదమ్ములున్నారు చూడు,
ఒక గుర్రం దగ్గర తెగింది మాట, పంతొమ్మిదేళ్లు.
ఇద్దరినీ విడివిడిగా పట్టి
ఒకడి పక్కన ఒకణ్ణి అతికింది జుల్మా.
తప్పంతా వాడిదే, అంటాడు అన్న.
తప్పంతా వాడిదే, అంటాడు తమ్ముడు.
మధ్యలో కత్తెర సానపట్టే చప్పుడు:
మూడు గీతలు, ఒక ఊదుడు.
మూడు గీతలు, ఒక ఊదుడు.
ఎవడి కత్తెరో పోల్చుకోలేక
పదకొండుసార్లు విన్నాను.

ఆఖరిది ఈ శీతల గిడ్డంగి మీదే.
పదేళ్ల కిందట జుల్మా ఇక్కడికొచ్చింది.
ఇదే కుర్చీలో మూడు గంటలు నా చేత మాట్లాడించింది.
నాన్న సంగతి, పడవ సంగతి,
మా ఆవిడకి కూడా చెప్పనివి చెప్పాను.
ప్రసారం రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాను,
రేడియోకి చొక్కా కనబడుతుందా?
ముప్పైఒకటో నిమిషంలో ఒక దగ్గు,
ఇనుప తలుపు పడిన చప్పుడు.
అంతే నేను.

వారం రోజులు ఆ పిల్లను తిట్టుకున్నాను.
రెండేళ్ల తర్వాత, ఏదో ఊసుపోక,
మళ్లీ మొదటినుంచీ విన్నాను.
ఆ దగ్గుకి ముందు
మాంసం మోసే ఓదీలియో, ఇప్పుడు లేడు,
'లోపల చీకట్లో ఒక్కణ్ణే ఉన్నానేమోనని
భయమేసేది' అంటున్నాడు.
ఆ మాటకి జవాబుగా పెట్టింది నన్ను.
మూడు గంటల్లో అంత సూటైన మాట
నేనొక్కటీ అనలేదు.

సరే. ఫ్లాస్కులో వేణ్ణీళ్లున్నాయి,
మాతే ఆకు అరలో, ఎలుకకి అందనంత ఎత్తులో.
విన్నాక క్యాసెట్లు మొదటికి తిప్పి పెట్టు,
నీ తర్వాత వచ్చేవాడికి.
ఒక చెవి మాత్రం ఎప్పుడూ తలుపుకి ఉంచు.
జీతం దానికే.