కనుబొమ్మ వెంట్రుక

వెంట్రుక నాది కాదు.
నా కనుబొమ్మల్ని పార్లర్ వాళ్ళు ఎప్పుడో సన్నం చేసేశారు, పనికిరావు.
పైడిరాజు బాబాయివి గుబురు, మొనలు మెత్తన.
"ఏటి గుంటా, ఊరంతట్లో నా బొమ్మే దొరికిందేటి?" అంటూనే
కళ్ళు మూసుకుని మొహం ముందుకు పెట్టాడు.
ఒక్కటి పీకి టూత్‌పిక్ చివర జిగురుతో అంటించాను.
ఇదే మా పరికరం.
మూడు కొటేషన్లు అక్కర్లేదు, బిల్లు అంతకన్నా అక్కర్లేదు.

చిన వాల్తేరు, రెండో అంతస్తు.
కిటికీ చువ్వల మీద పోర్టు నుంచి వచ్చిన ఇనప దుమ్ము.
లోపల ఇరవై డిగ్రీల పెట్టెలో
మిల్లీమీటరు పొడవు గాజుపోగులు, నులిపురుగులు,
బాక్టీరియా పొర మీద వట్రుసుడులు దిద్దుకుంటూ.

మామూలు పురుగుని మెడ దగ్గర వెంట్రుకతో నిమిరితే
అత్తిపత్తిలా ముడుచుకోదు,
తప్పు గుమ్మం తొక్కినవాడిలా వెనక్కి వెళ్తుంది.
మావి వెళ్ళవు.
వాటిలో ఒక జన్యువు తీసేశాం.
నిమిరినా, మళ్ళీ నిమిరినా
వాటి దారి వాటిదే.

తాకిడి తెలిసే ఆ ఆరు కణాలూ చచ్చిపోయాయనుకున్నాను మొదట.
లేదు, ఉన్నాయి. ఉండాల్సిన చోటే ఉన్నాయి.
తాము ఎందుకు పుట్టామో
వాటికి ఎవరూ చెప్పలేదు, అంతే.

"మేస్త్రీ రాలేదన్నమాట," అన్నాడు బాబాయి అగార్ పోస్తూ.
ఇరవైరెండేళ్ళు పోర్టులో మూటలు మోసినవాడు.
"తెల్లారగట్ల మస్తరు పట్టుకుని పేర్లు పిలవాల ఆడు,
నువ్వు ఓడలోకి, నువ్వు క్రేను కిందకి అని.
ఆడు రాపోతే ఏటవుద్ది?
సేతులుంతాయి, కాళ్ళుంతాయి, ఓడా ఉంతాది.
గట్టు మీద కూకుని బీడీలు కాల్చుకుంతాం."
ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మీద మా సార్ నలభై స్లైడ్లు వేశారు.
ఇంత బాగా అర్థం కాలేదు నాకు.

ఏప్రిల్లో సముద్రపు చెమ్మకి బూజు, ప్లేట్లన్నీ పారేశాం.
మేలో ఇన్వర్టర్ పోయింది.
జూన్లో, తీసేసిన జన్యువుని తల్లి పురుగులోకి తిరిగి ఎక్కించాను,
సూది మొన విరక్కుండా, పదకొండోసారికి.
పిల్లల్లో కొన్ని ఆకుపచ్చగా వెలిగాయి.
వెలగడం వేరు, తెలియడం వేరు.

ఏ ప్లేటు ఏదో నాకు తెలియకూడదు.
అడుగున అంకెలు వేసేది బాబాయే, చీటీ దాచేదీ బాబాయే.
ప్లేటుకి ముప్పై పురుగులు, పురుగుకి పది తాకుళ్ళు.
ఫ్యాన్ ఆపాలి. ఊపిరి పక్కకి వదలాలి.
ఏడో ప్లేటులో మొదటి పురుగు
ఆగింది.
వెనక్కి వెళ్ళింది.
నా ఊపిరే తగిలిందేమోనని ఇంకోసారి.
వెళ్ళింది.

లైట్‌హౌస్ వెలిగే వేళకి అన్నీ అయ్యాయి.
"బాబాయ్, చీటీ తియ్యి. ఏడు ఏది?"
అతని చెయ్యి చొక్కా జేబులో చాలాసేపు తిరిగింది.
కాగితం వేళ్ళకి తగిలే ఉంటుంది,
వేళ్ళకే ఆ సంగతి తెలియలేదు.
షుగరట. మూడేళ్ళుగా వేలికొసలు మొద్దుట.
మరిగే అగార్ సీసాని గుడ్డ లేకుండా పట్టుకుంటే
హమాలీ చేతులు కదా, గట్టివనుకున్నాను.
రోజూ చూస్తూనే అనుకున్నాను.

చివరికి జేబు బోర్లించాడు.
బీడీ కట్ట, బస్సు టికెట్టు, చీటీ.
ఏడు: జన్యువు తిరిగి పెట్టినవి.
"అయితే మేస్త్రీ వొచ్చీసినాడు!"
ముప్పైలో పందొమ్మిదికి వచ్చాడు బాబాయ్,
మిగతా పదకొండు సంగతి ఇంకా తెలీదు.

టూత్‌పిక్ నా చేతిలోనే ఉంది.
"ఓసారి చెయ్యి పట్టు," అన్నాను.
బల్ల మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి
మొదటి రోజులాగే కళ్ళు మూసుకున్నాడు.
తన వెంట్రుక. తన వేలు.
"ఇప్పుడా?" అన్నాడు,
నేనింకా తాకక ముందే.