నవ్వింది నేనొక్కదాన్నే

చిలేకా విమానాశ్రయంలో ముందు నా స్కర్టు పొడవు చూశారు,
తర్వాత పాస్‌పోర్టు.
మోకాలు దాటింది కనుక దేశంలోకి రానిచ్చారు.
డండీ నుంచి రెండు పెట్టెలు, ఒకదాన్నిండా లెక్కల పుస్తకాలు,
ఇరవై మూడేళ్ల వయసు,
ఎవరికో ఏదో చేసిపెట్టగలనన్న పొగరు.

కరోంగాలో బడి. సరస్సు ఒడ్డున ఎండే ఉసిపా చేపల వాసన
తరగతి గదిలోకి అనుమతి లేకుండా వచ్చేది.
మిగతావన్నీ అనుమతితోనే.
బస్సెక్కాలంటే పార్టీ కార్డు.
సంతలో టమాటాలు కొనాలంటే పార్టీ కార్డు.
కడుపులో బిడ్డకీ ఒకటి కొనిపించారని
తావొంగా పొట్ట మీద చెయ్యేసుకుని చెప్పింది,
నిమ్మళంగా, కూరగాయల ధర చెప్పినట్టు.

స్టాఫ్‌రూమ్ గోడకి పెద్దాయన పటం.
దానికన్నా ఎత్తులో మరేదీ ఉండకూడదు.
కనుక గడియారం కిందికి దిగింది,
బీరువా పక్కన, నడుమెత్తున.
టైమెంతో చూడాలంటే వంగాలి.

తావొంగా మొగుడు లింబాని మ్వెనిఫుంబో, భూగోళం మాస్టారు,
ఒక మంగళవారం, టీ చల్లారుతుండగా, వంగి చూసి అన్నాడు:
"ఈ దేశంలో కాలం కూడా మోకాళ్ల మీదే నడుస్తోంది,
అందుకే మనమింకా ఇక్కడే ఉన్నాం."

ఏడుగురం ఉన్నాం గదిలో.
ఐదుగురు చెంచాలు తిప్పుతున్నారు,
చక్కెర అయిపోయి వారమైనా.
నవ్వింది నేనొక్కదాన్నే.
అదీ చిన్న నవ్వు కాదు. మా నాన్న నవ్వు,
ఓడల రేవులో పెరిగిన నవ్వు,
కిటికీ దాటి, మామిడిచెట్టు దాటి,
గేటు దగ్గర కాపలా కుర్రాళ్లదాకా వెళ్లిన నవ్వు.
అప్పటిదాకా అది ఉత్త మాట.
నేను నవ్వాక జోకయింది.

శుక్రవారం అతని కుర్చీ ఖాళీ.
ఎవరూ దాన్ని జరపలేదు, ఎవరూ అందులో కూర్చోలేదు.
హెడ్‌మాస్టరు ఆ పీరియడ్లు నాకిచ్చాడు.
నదుల పేర్లు చెప్పాను పిల్లలకి.
సరిహద్దుల దగ్గర గొంతు పట్టేసింది.

గడువు తీరగానే నన్ను విమానమెక్కించారు,
దండ వేసి, ఫొటో తీసి.
ఆ మాటకి ఇద్దరం బాధ్యులం.
ఇంటికి పంపింది నన్ను.

ఆ తర్వాత ఉత్తరాలు.
కవరు అంచున రెండు వరసల జిగురు:
ఒకటి తావొంగాది, రెండోది ఎవరిదో.
పదహారేళ్లు మేమిద్దరం ముగ్గురి కోసం రాసుకున్నాం.
"వానలు ఆలస్యం. మేకకి రెండు పిల్లలు.
చిన్నాడి నాన్న ఇంకా ప్రయాణంలోనే ఉన్నాడు."
"ఇక్కడ మంచు. మా గడియారం బాగు చేయించాలి."
మా ఊరి మంచు గురించి ఆ మూడో మనిషికి
నాకన్నా ఎక్కువే తెలిసుంటుంది.
విసుగెత్తి తొందరగా అంటించేస్తాడని
అతని కోసమే ఒక పేరా అదనంగా రాసేదాన్ని.

ఒక జూన్‌లో మూడే మాటలు వచ్చాయి:
చిన్నాడి నాన్న వచ్చాడు.
జిగురు ఒక్క వరసే.

ఇప్పుడు నాకు డెబ్బై రెండు. అతనికి ఎనభై దాటాయి.
ఫోన్లో గొంతు పంపుతాడు. వెనక సరస్సు, కోళ్లు,
"తాతా, బటన్ వదలకు" అని మనవరాలి కేక.
కొత్త ఇంట్లో గడియారం ఫొటో పెట్టాడు:
కప్పుకి ఆనించి కొట్టాడు మేకు,
నిచ్చెన వేస్తేగానీ అంకెలు కనపడవు.

నిన్న రాత్రి అడిగాడు:
"నిజం చెప్పు. ఆ రోజు నీకు నవ్వొచ్చిందా,
అతిథి మర్యాదకి నవ్వావా?
లోపల చాలా ఏళ్లు ఇదే ఆలోచించాను.
మర్యాదకైతే మాత్రం బాధపడతాను."

రికార్డు చేశాను. చెరిపాను.
క్షమించమన్నాను, అదీ చెరిపాను.
మంచు గురించి ఒక వాక్యం దానంతటదే వచ్చింది.
పాత అలవాటు. తీసేశాను.
నాలుగోసారి బటన్ నొక్కి
నడుమెత్తున వేలాడే ఆ గడియారాన్ని తలుచుకున్నాను,
దాని ముందు వంగిన అతని పొడుగాటి వీపునీ.
మాటలేం రాలేదు.
వచ్చిందే పంపేశాను,
పదకొండు సెకన్లు,
మా నాన్న నవ్వు.